మా అత్త నాకు కట్టబెట్టిన మౌనవ్రతం

నన్నెరిగిన వాళ్ళెవరైనా ఈ మాట వింటే కడుపు పట్టుకుని నవ్వుతారు. ఒకప్పుడు నేను మౌనవ్రతం పట్టిన మహాతల్లినని మా పేటంతా నా కాళ్ళకు మొక్కింది. పుట్టింట్లో నా పేరే వాగుడుకాయ. పెండ్లిచూపులనాడు తల వంచుకుని కూర్చోమంటే కూర్చున్నాను గానీ, వచ్చిన పెద్దమనిషి ఒకాయన నూలు నెంబరు తప్పు చెప్తే ఆగలేక సరిదిద్దాను. "పిల్లకు నోరుండాది" అని ఆయన మొహం ముడుచుకున్నాడు. "ఉంటే ఉండనీలేప్పా, మా ఇంట్లో మాట్లాడే దిక్కు ల్యాక గోడలు బూజు పట్టినాయి" అన్నది మా అత్త. అట్లా ఆ నోటి పుణ్యాన్నే ఆ ఇంటికి కోడలినైనాను.

మా అత్తగారిది మైదుకూరుకు ఆమడ దూరంలో ఒక నేతపేట. తెల్లదొరల కాలం. ఇంకా యుద్ధం రాలేదు, నూలుకు కంట్రోలు రాలేదు. ఇంటింటికీ ఒక మగ్గం గుంట. గుంటలో కాళ్ళు పెట్టుకుని మగవాళ్ళు నేస్తారు, ఆడవాళ్ళు రాట్నం తిప్పి కండెలు చుడతారు. ఎవరి మగ్గం వాళ్ళదే, ఎవరి కూడు వాళ్ళదే. ఒక్క పడుగు మాత్రం అట్లా కాదు. చీర నిలువు పోగులన్నీ వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. అటూ ఇటూ మనుషులు బారుగా నిలబడితే గానీ అయ్యే పని కాదు. ఈ పొద్దు మీ పడుగుకు మేమొస్తాం, రేపు మా పడుగుకు మీరొస్తారు. ఏ ఇంటి పడుగుకైనా జనం రావడం మానుకున్నారంటే ఆ ఇంటి మగ్గం మూలబడినట్టే.

దసరా నాళ్ళలో నాకు కొడుకు పుట్టాడు. మా అమ్మ అప్పటికే పోయింది గనుక కాన్పు అత్తింట్లోనే జరిగింది. అంతకు ముందొక బిడ్డ దక్కలేదు. వీడు దక్కాడు, గట్టిగా కేకపెట్టాడు, మా ఆయన మగ్గం దిగి వచ్చి తలుపు సందులోంచి చూసి సిగ్గుపడి మళ్ళీ మగ్గమెక్కాడు. అంతా సంబరమే.

వారం తిరక్కముందే నాలో ఏదో ఆగిపోయింది. అదెట్లా ఉంటుందని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. జనం దుఃఖమనుకుంటారు. దుఃఖమైతే ఎంత బాగుండు, నాకు దుఃఖపడడం వచ్చు! ఇది అది కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి. బిడ్డ పక్కలో ఏడుస్తుంటే ఎవరింట్లోనో ఏడుస్తున్నట్టుండేది. కండ్లు మూస్తే నిద్ర రాదు, తెరిస్తే లేవబుద్ధి కాదు. మాట గొంతు దాకా వచ్చి, ఎందుకులే అని వెనక్కి పోయేది. కొన్నాళ్ళకు గొంతు దాకా రావడం కూడా మానేసింది. అన్నిటికన్నా ఘోరం, కన్నబిడ్డ మొహం చూస్తే నాకేమీ అనిపించేది కాదు. నేనొక రాక్షసినని నన్ను నేను తిట్టుకునేదాన్ని. బయటికి ఒక్క మాట రాకపోయినా ఆ తిట్లు మాత్రం లోపల రాట్నం మాదిరి తిరుగుతూనే ఉండేవి.

పాలు ఇంకిపోయాయి. మా ఎదురింట్లో ఒకామె ఉండేది, వరసకు వదినె. మా పేటలో ఆమెను మించిన నవ్వులమారి లేదు. పడుగు దగ్గర ఆమె నిలబడిన వైపు నవ్వీ నవ్వీ గంజి ఒలకబోసుకునేవాళ్ళు. ఆ నెలలోనే ఆమెకూ కాన్పయింది, బిడ్డ పురిట్లోనే పోయింది. మా అత్త పోయి అడిగీ అడగకముందే లేచి వచ్చి నా కొడుకును ఒళ్ళో వేసుకుంది. పొద్దున ఒకసారి, మధ్యాన్నం ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి వచ్చి పాలిచ్చి పోయేది. "నా పాలు తాగుతాండాడు కదా, రేపు వీనికి నా నోరే వస్తాది. మీ వంశం పని అయిపోయినట్టే" అనేది మా అత్తతో. అందరూ నవ్వేవాళ్ళు, నేను తప్ప.

ఇక నాకు వైద్యం మొదలైంది. బాలింతకు వాతం చేసిందని ఒకరంటే మిరియాలు, వెల్లుల్లి దంచి పోశారు. దిష్టి అని ఇంకొకరంటే ఎండుమిరపకాయలు పొయ్యిలో వేశారు, అందరూ దగ్గారు. గాలి సోకిందని మూడోవాళ్ళంటే దర్గా దగ్గర సాయిబు తాయెత్తు కట్టాడు. పాపం మంచాయన, దుడ్డు తీసుకోకుండా "పిల్లను నిద్రపోనీండమ్మా" అని కూడా చెప్పాడు. ఆ ఒక్క మాట ఎవరూ పట్టించుకోలేదు. ఒక వైద్యుడు వచ్చి నడినెత్తిన ఆకుపసరు పట్టు వేస్తే వారం పాటు నా తల పశువుల దొడ్డి వాసన వచ్చింది. మా మంత్రసాని మాత్రం, "కడపలో ఆడోళ్ళ ఆసుపత్రి ఉండాది, ఆడ డాక్టరమ్మ ఇట్లాంటివి చూస్తాదంట" అన్నది. మా అత్త నోటి మీద వేలు పెట్టుకుంది. కోడలిని తలకాయ చూపించడానికి కడప తీసుకుపోయినారని తెలిస్తే పేటలో తలెత్తుకోవడమెట్లా?

కానీ పేట ఊరుకుంటుందా. మా ఇంటి పడుగు పట్టిన ఒక పొద్దున గంజి కుండ చుట్టూ ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఆఖరుకు ఒకామె అడిగేసింది. "ఏం పెద్దమ్మా, మీ కోడలికి ఏదో పట్టిందంట కదా. ఈ పడుగు ముట్టుకుంటే మాకేమన్నా అంటుకుంటాదా ఏంది?"

నేను లోపల గోడకు జేరగిలబడి వింటున్నాను. మా అత్త చేతిలోని కుంచె కుండ అంచుకు కొట్టిన చప్పుడు వినపడింది. తరువాత వీధంతా వినపడేటట్టు చెప్పింది. "పట్టిందే, మౌనవ్రతం పట్టింది! బిడ్డ దక్కితే జ్యోతుల పండగ దాకా నోరు తెరవనని చౌడమ్మకు మొక్కుకొనింది. మీ నోర్లు కూడా అట్ల కట్టుకుంటే ఊరు బాగుపడతాది."

చౌడమ్మ మా కులదేవత, జ్యోతులు ఆమె పండగే. ఆమె పేరెత్తితే మా వాళ్ళెవరూ ఎదురు మాట్లాడరు. గుసగుసలు ఆగిపోయాయి, పడుగు ఆరింది. మా అత్త లోపలికి వచ్చి నా పక్కన కూలబడి, "నోటికొచ్చింది అనేస్తి మే. జ్యోతుల దాకా నెట్టుకొస్తే సాలు, అంతలోపల నువ్వు బాగైపోతావులే" అంది. అంటూనే రెండు చెంపలు వేసుకుంది. అమ్మవారి మీద అబద్ధం ఆడిన భయం అది. ఇంకొక భయం కూడా ఉందని నాకు తెలుసు. జ్యోతులు ఉగాది తరువాత వస్తాయి. అప్పటికీ కోడలు ఇట్లాగే ఉంటే పుట్టింటికి పంపి కొడుక్కు వేరే పిల్లను చూద్దామని బంధువులు అప్పటికే మా ఆయన చెవిలో వేస్తున్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు, మగ్గం మీద మనిషి మగ్గం మీదే ఉన్నాడు. నోరు లేని మొగుడు నోరున్న పెండ్లానికి సుఖమే గానీ, పెండ్లాం నోరు పడిపోయిన రోజు ఆ ఇంటి గతి ఏమిటో చూడండి.

అబద్ధం ఆడినామెకు రెండు రోజులు కూడా నిమ్మళం లేదు. మూడో రోజు ఒక ముసలమ్మ పసుపు కుంకుమ, టెంకాయ తెచ్చి నా ముందు పెట్టి కాళ్ళకు మొక్కింది. తొంభై ఏండ్ల మనిషి నా కాళ్ళకు మొక్కడం! మా అత్తకు నోట మాట రాలేదు, వ్రతం ఆమె పట్టినట్టుంది. ఆ మరుసటి రోజు ఇంకా ఇద్దరు. అప్పటి నుంచి మా ఇల్లు తిరునాళ్ళ. పిల్లలకు జ్వరమొస్తే తెచ్చి నా చూపు పడేట్టు నిలబెట్టేవాళ్ళు. నేను ఎటు చూస్తే అటు వరమే. కండ్లలో కళ లేకుండా శూన్యంలోకి చూస్తూ కూర్చుంటే, "అబ్బా, ఎంత శాంతం మే ఆ మొగంలో!" అనేవాళ్ళు. టెంకాయలు గుట్టపడ్డాయి. మాకు పూటపూటా టెంకాయ పచ్చడే. ఒకరోజు మగ్గం గుంటలోంచి మా ఆయన, "అమ్మా, మౌనానికి చెనిగ్గింజలు పెట్టుకునేవాళ్ళు ఎవరూ ల్యారా?" అని అడిగాడు. వేరుశెనగ పచ్చడి మీద మనసు పోయిన ఆయన ఆ సంవత్సరంలో మాట్లాడిన పెద్ద మాట అదే.

మొక్కడానికి వచ్చినవాళ్ళు మొక్కి పోతే బాగుండేది. వాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టారు.

మొదట ఒకామె అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, "నీకు చెప్తే గోడకు చెప్పినట్టే కదా" అని ఎత్తుకుంది. ఆమె మొగుడు పోయి ఏండ్లయిందట. అప్పటి నుంచి సరిగ్గా నిద్రపోలేదట. పగలంతా, రాత్రి బాగా నిద్రపోయిన మనిషి మాదిరి నటిస్తూ తిరుగుతుందట. చెప్పేసి ముక్కు తుడుచుకుని తేలిగ్గా లేచి పోయింది. ఆమె తరువాత మరొకామె. కడిగిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ కడుగుతుందట, కడగకపోతే ఇంట్లో ఎవరో చస్తారని మనసు చెప్తుందట, చేతులు పుండ్లు పడ్డా ఆపలేదట. నాకు చేతులు చూపించింది. ఇంకొకామెకు సంతలో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరందక, ఇదే చావు అనిపిస్తుందట. అందుకే ఏదో ఒక వంక పెట్టి సంతకు పోవడం మానేసిందట. మేమందరం ఆమెను పిసినారి అనుకునేవాళ్ళం!

వాళ్ళు ఎవరో ఇప్పుడు కూడా చెప్పను. నన్ను నమ్మి చెప్పారు. నిజానికి నన్ను నమ్మి కాదు, మా అత్త ఆడిన అబద్ధాన్ని నమ్మి.

అప్పటిదాకా మా పేటలో చెడిపోయిన తలకాయ నాదొక్కటే అనుకున్నాను. పొద్దునే పడుగు దగ్గర కుంచె పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళలో సగం మంది నా మాదిరే లోపల ఏదో మోస్తున్నారని తెలిసినాక నా సిగ్గు సగం తగ్గింది. జబ్బు మాత్రం గోరంత కూడా తగ్గలేదు. ఆ మాట దాచడం దేనికి. పదిమంది కష్టాలు వింటే మన కష్టం పోతుందని పెద్దలు చెప్తారు గానీ, అది జబ్బు లేని వాళ్ళ సంగతి. నాకు ఇంకా బరువెక్కింది. కొన్ని రోజులు నేను లేకపోతేనే ఈ ఇంటికి మంచిదని కూడా అనిపించేది. ఆ ఆలోచన వచ్చినప్పుడు భయం కూడా వేసేది కాదు, అదే అసలు భయపడాల్సిన సంగతి.

నాకు మొక్కనిది వదినె ఒక్కతే. బిడ్డకు పాలిస్తూ నా వైపు చూసి కన్ను గీటేది. "స్వామినీ, నా మొగునికి కొంచెం బుద్ధి ప్రసాదించు. ఒద్దులే, అంత పెద్ద వరం అడిగితే నువ్వే పరారైపోతావు" అనేది. ఆమె వచ్చినప్పుడు మాత్రం నాకు ఇంట్లో కిటికీ తెరిచినట్టుండేది. నవ్వు రాకపోయినా, నవ్వు అనేది లోకంలో ఉందని గుర్తొచ్చేది.

ఉగాది వెళ్ళింది. బిడ్డకు అన్నం ముట్టించారు. జ్యోతులు దగ్గరకొచ్చాయి. మా అత్త రోజూ నా ఎదుట కూర్చుని, "అత్తా అను మే. ఒగసారి అను, సాలు" అని బతిమాలేది. నా పెదవులు కదిలేవి కావు. ఆమె మొహం రోజురోజుకూ పీక్కుపోయింది. జ్యోతుల నాడు పేటంతా నా నోటి నుంచి మొదటి మాట వినాలని ఎదురుచూస్తోంది. ఆ మాట రాకపోతే అబద్ధం బయటపడుతుంది, పడుగుకు జనం రారు, బంధువుల మాటకు బలమొస్తుంది, నేను కొడుకును వదిలి పుట్టింటి బండి ఎక్కాలి.

అట్లాంటి ఒక పొద్దున వీధిలో మా పడుగు పట్టారు. మా అత్త, మా ఆయన అక్కడున్నారు. వదినె బిడ్డకు పాలివ్వడానికి లోపలికి వచ్చింది. వాడప్పుడే సంకటి ముద్ద నాకి ఉన్నాడు. రొమ్ము నోటికి పెడితే మొహం తిప్పేశాడు. ఆమె మళ్ళీ పెట్టింది, వాడు చేత్తో నెట్టి కిలకిలా నవ్వాడు.

వదినె కూడా నవ్వింది. "చూస్తివా మే, నీ కొడుకు నాకు చీటీ చించేసినాడు. కడుపు నిండితే అందరూ ఇంతే" అంది. రవికె సర్దుకుంది. అదే నవ్వు మొహంతో, అదే గొంతుతో, "ఇంగ నాకు ఈడ పనేముండాది మే?" అంది. "వీడు పాలు తాగుతాండాడు కాబట్టి ఇన్నాళ్ళు పొద్దునే లేస్తాంటి. ఇంట్లో ఉయ్యాల చూస్తే లేవబుద్ధి కాదు. జ్యోతుల పండగ చెడగొట్టను. పండగైనాక దిగుడుబావి కాడికి పోతా. నీకు చెప్పి పోవల్లనిపించింది, నువ్వు ఎవరికీ చెప్పవు కదా." బిడ్డను నా ఒళ్ళో పెట్టి తల నిమిరి లేచింది.

 వీధినంతా నవ్వించే మనిషి. నాలో ఏ చీకటి ఉందో అదే ఆమెలో ఉంది, నేను చాప మీద పడి మోశాను, ఆమె నవ్వుకుంటూ మోసింది. మా ఇద్దరిలో నాకే అందరూ టెంకాయలు కొట్టారు, ఆమెను ఒక్కరు కూడా ఎట్లున్నావని అడగలేదు. నేను కూడా అడగలేదు. ఆమె గడప దాకా పోయింది. 

"కూచో" అన్నాను.

ఆ గొంతు నాది కాదు, తుప్పు పట్టిన గిలకది. ఆమె గిరుక్కున తిరిగింది. "కూచో వదినె. పోవద్దు" అన్నాను మళ్ళీ.

ఆమె చేసిన పని ఏమిటో తెలుసా? రెండు చేతులతో నా నోరు మూసింది.  "అయ్యో, నీ వ్రతం చెడిపాయె మే! నా వల్ల చెడిపాయె! జ్యోతులకు ఇంగ నాలుగు నాళ్ళు ఉండంగా! చౌడమ్మ నన్ను ఇడుస్తాదా?" అని వణికిపోయింది. చావుకు సిద్ధపడ్డ మనిషి అమ్మవారి కోపానికి భయపడుతోంది. మా పేట ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇట్లా చేయరు.

నాకు ఒళ్ళు మండింది. ఆరు నెలల తరువాత నాకు కోపమొచ్చింది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆమె చేతులు లాగేసి అరిచాను. "వ్రతమూ లేదు, నా మొగమూ లేదు! అదంతా మా అత్త అల్లిన అబద్ధం. నాకు జబ్బు. తెలిసిందా? జబ్బు! నీకు కూడా జబ్బే. నువ్వు పోతే వీనికి నీ నోరు ఎవరు నేర్పిస్తారు?"

 ఆమె గడప మీదే కూలబడి, నా మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. పోయిన తన బిడ్డ కోసం ఆమె ఏడవడం ఎవరమైనా చూసింది అదే మొదలు. మా ఇద్దరి మధ్య ఇరుక్కుని నా కొడుకు కూడా అందుకున్నాడు.

ఈ కేకలకు మా అత్త పరుగున వచ్చింది. మోచేతుల దాకా గంజి. ముందు చేసిన పని తలుపు గడియ పెట్టడం. తరువాత "నోరొచ్చిందే నా తల్లికి!" అని నా బుగ్గలు పట్టుకుంది, నా మొహమంతా గంజి. నేను జరిగింది చెప్పాను. ఆమె సంబరం ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. వదినె పక్కన నేల మీద కూర్చుని ఆమెను దగ్గరికి తీసుకుని కొంగుతో మొహం తుడిచింది. "పేట ఏమన్నా అనుకోనీ. రేపు పొద్దున్నే కడపకు పోతాండాం" అంది చివరికి.

మైదుకూరు దాకా బండి, అక్కడి నుంచి మోటారు బస్సు. ఆసుపత్రిలో డాక్టరమ్మ తెల్లచీర కట్టుకుని, కండ్లద్దాలు పెట్టుకుని, మద్రాసు యాస తెలుగు మాట్లాడింది. నా నాలుక చూసింది, కండ్లు చూసింది, తరువాత కుర్చీ దగ్గరికి లాక్కుని ప్రశ్నలు మొదలుపెట్టింది. నిద్ర ఎట్లా ఉంది, తిండి ఎట్లా ఉంది, బిడ్డను చూస్తే ఏమనిపిస్తుంది. ఉన్నట్టుండి, కాళ్ళు నొప్పులా అని అడిగినంత మామూలుగా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగింది. మా అత్త ఉలిక్కిపడింది. నేను తల ఊపాను. వదినె కూడా ఊపింది. ఆ మాట అడిగినందుకు మాకేమీ కాలేదు. పైగా దాచిపెట్టిన బరువు నెత్తి మీంచి దించినట్టయింది.

"ఇది గాలి కాదు, శాపం కాదు, మీరు చేసిన తప్పు కూడా కాదు. కాన్పు తరువాత కొందరికి ఒళ్ళు లేచి తిరుగుతుంది గానీ మనసు ఇంకా పురిట్లోనే ఉంటుంది. బిడ్డ పోయిన తల్లికైతే ఇంకా కష్టం. తగ్గుతుంది, మెల్లగా తగ్గుతుంది. ఒక్కోసారి మళ్ళీ రావచ్చు, వస్తే వెంటనే రండి" అంది డాక్టరమ్మ. నిద్రకు మందునీళ్ళు, బలానికి టానిక్కు ఇచ్చింది. వదినెను కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుంటానని, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని, చెడ్డ ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పాలని కట్టడి చేసింది. "నోరు తెరవడానికి నాకు కట్టడి ఏంటికమ్మా, మూయడానికే కావల్ల" అంది వదినె. డాక్టరమ్మ నవ్వలేదు. "నవ్వించడం కాదు, చెప్పడం. రెండూ వేరు" అంది. 

వదినె సంగతి ముందే చెప్పేస్తాను, మీకు బెంగ ఉండకూడదు. ఆమె బతికింది. వాళ్ళమ్మ ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఆసుపత్రిలో తోడుంది. తిరిగొచ్చినాక కూడా కొన్నాళ్ళు బాగుండేది, కొన్నాళ్ళు ఉండేది కాదు. బాగలేని రోజు మా గడప మీదికి వచ్చి, "ఈ పొద్దు చెడ్డదినం మే" అనేది. అంతే, ఆ రోజు ఆమె మా ఇంట్లోనే. తరువాత ఒక ఆడపిల్ల పుట్టింది ఆమెకు. నాకు కూడా వెంటనే అన్నీ సర్దుకోలేదు. మందు తాగినాక మొదట నిద్ర వచ్చింది, చాలా రోజులకు ఆకలి వచ్చింది, అన్నిటికన్నా ఆఖరున కొడుకు మీద ప్రేమ వచ్చింది. వాడు పాకుతూ వచ్చి నా రాట్నం పట్టుకుని లేచిన రోజు అది. వచ్చాక మాత్రం వడ్డీతో సహా వచ్చింది.

జ్యోతుల నాడు వ్రతం చెల్లిందని మా అత్త టెంకాయ కొట్టింది. నేను నలుగురిలో నోరు తెరిచాను. పేటంతా సంతోషించాలి కదా? తేలు కుట్టిన దొంగల్లా బిక్కచచ్చిపోయారు. వాళ్ళ గుట్టంతా నా కడుపులో ఉంది, ఆ కడుపు ఇప్పుడు మాట్లాడుతోంది! ఒక్కొక్కరే బెల్లమో, చెనిక్కాయలో పట్టుకుని వచ్చి, "ఆ పొద్దు నేను చెప్పింది..." అని నసిగేవాళ్ళు. "ఏం చెప్తివి? నాకేమీ గుర్తు లేదే" అనేదాన్ని. వాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక, "అయినా కడపలో ఒగ డాక్టరమ్మ ఉండాది, నా మందుకు పోతాండా, తోడొస్తావా?" అనేదాన్ని. గిన్నెలు కడిగే ఆమె వచ్చింది. మరో ఇద్దరు వచ్చారు. రానివాళ్ళు రాలేదు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. అసలు కొంచెం ఉంది.

ఆ మొదటి రోజు ఆసుపత్రిలో జరిగింది ఇంకొకటి మిగిలింది. డాక్టరమ్మ మా పని ముగించింది. నేను బిడ్డను ఎత్తుకుని లేచాను. మా అత్త లేవలేదు. చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ, "అమ్మా, వీండ్లను కొంచేపు బయట కూర్చోబెట్టండి. నాకు ఒగ మాట చెప్పుకునేది ఉండాది" అంది.

నేను బిత్తరపోయాను. మా అత్త అంటే ఇంటికి దూలం. ఆమెకు కూడా చెప్పుకునేది ఉంటుందని నాకు ఏనాడూ తట్టలేదు. వరండాలో కూర్చున్నాను. బిడ్డ ఆడి ఆడి నిద్రపోయాడు. తలుపు తెరుచుకోలేదు. చాలాసేపటికి ఆమె మొహం కడుక్కుని బయటికి వచ్చి, "పద, బస్సు పోతాది" అంది.

వదినెను నర్సమ్మల చేతిలో పెట్టి మేమిద్దరం బస్సు ఎక్కాము. వెనక సీటు. ఇంజను మోతకు పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకే వినపడదు. నాకు లోపల రోషంగా ఉంది, ఆగలేక అడిగేశాను. "పేటలో ఆడోళ్ళంతా వచ్చి నాకు చెప్పుకుంటిరి కదత్తా. నువ్వు నా పక్కలోనే పండుకుంటివి. నీ కడుపులో మాట నాకు ఒగనాడన్నా ఏంటికి చెప్పకపోతివి?"

ఆమె కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ చెప్పింది. "వాళ్ళందరికీ నువ్వు మౌనివి. కాదని తెలిసింది నాకొక్కదానికే కదా మే. జబ్బుతో పడున్న బిడ్డకు నా బరువు కూడా ఎట్ల ఎత్తుదును?"

పేటంతటికీ ఒక గోడను కట్టిపెట్టి, తాను మాత్రం ఎండలో నిలబడింది మా అత్త.  ఆమె చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. గోళ్ళ సందున నిన్నటి గంజి ఇంకా ఎండి ఉంది. "ఇప్పుడు చెప్పత్తా" అన్నాను.

మొదట తల అడ్డంగా ఊపింది. తరువాత మెల్లగా మొదలుపెట్టింది. నా కంటే ముందు ఆ ఇంట్లో కాన్పులైన సంగతి, నా మొగుడు పుట్టిన ఏడాది ఆమె కూడా ఇదే చీకటిని మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా మోసిన సంగతి. మైదుకూరు వచ్చేదాకా మా అత్త మాట్లాడుతూనే ఉంది. నేను ఒక్క మాట కూడా అడ్డం రాలేదు.